బల్ల మీది బావి: పర్యావరణ రోబోటిక్స్ పోటీలపై ఒక విమర్శ

ముందరి భాగాల్లో మీరు కథను, కవితను, నాటకాన్ని ఎలా విమర్శించాలో చదివారు. అదే పద్ధతిని ఒక పోటీ నియమావళికి కూడా వర్తింపజేయవచ్చునని చూపడం ఈ భాగం ఉద్దేశం. నియమావళి కూడా ఒక రచనే. దానిలో ఒక స్థలం ఉంటుంది, పాత్రలుంటాయి, ఏది గెలుపో చెప్పే ముగింపు ఉంటుంది. దేనికి పాయింట్లు ఇచ్చారో, దేనిని ప్రస్తావించకుండా వదిలేశారో గమనిస్తే రాసినవారు లోకాన్ని ఎలా చూస్తున్నారో తెలుస్తుంది. ఇక్కడ పరిశీలనకు తీసుకున్నవి నీరు, చెత్త, వాతావరణ మార్పు వంటి సమస్యలను ఇతివృత్తంగా పెట్టుకునే విద్యార్థి రోబోటిక్స్ పోటీలు. వాటిని పోటీ జరిగే హాలులో నిలబడి కాక, సమస్య ఉన్న ఊరిలో నిలబడి చూద్దాం. ఆ ఊరుగా చిత్తూరు జిల్లా ఐరాల మండలాన్ని తీసుకుందాం.

పోటీ ఏమి అడుగుతుంది?

అమెరికాలో డీన్ కామెన్ 1989లో ‘ఫస్ట్’ అనే సంస్థను స్థాపించారు. ఆ సంస్థ, లెగో కంపెనీ కలిసి 1998లో ప్రారంభించిన పోటీ ‘ఫస్ట్ లెగో లీగ్’. సుమారు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్ల మీద లెగో ముక్కలతో చేసిన నమూనాలు అమర్చి ఉంటాయి. పిల్లలు తయారు చేసిన రోబో రెండున్నర నిమిషాల్లో, రిమోట్ సాయం లేకుండా, ముందే రాసిన ప్రోగ్రాం ప్రకారం ఆ నమూనాలను కదిలించాలి, తెరవాలి, తరలించాలి. ప్రతి ఏడూ ఒక ఇతివృత్తం ఉంటుంది. 2008లో వాతావరణం, 2015లో చెత్త, 2017లో మనుషుల నీటి వాడకం ఇతివృత్తాలుగా వచ్చాయి.

అదే కామెన్ చొరవతో 2017లో వాషింగ్టన్‌లో ‘ఫస్ట్ గ్లోబల్’ మొదలైంది. నూట యాభైకి పైగా దేశాల నుంచి హైస్కూలు వయసు పిల్లల జట్లు వచ్చాయి. ఆ ఏటి ఆటలో నీలం బంతులు మంచి నీరు, నారింజ బంతులు కాలుష్యం. రోబోలు వాటిని వేరు చేయాలి. తరువాత 2019లో దుబాయిలో సముద్ర కాలుష్యం, 2022లో జెనీవాలో గాలిలోని కార్బన్‌ను పట్టి నిల్వ చేయడం ఇతివృత్తాలయ్యాయి. మన దేశంలో కూడా ఇటువంటి పోటీ జరిగింది. ‘వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్’ 2016 అంతర్జాతీయ ఫైనల్స్‌కు ఢిల్లీ ఆతిథ్యమిచ్చింది. అప్పటి ఇతివృత్తం చెత్త తగ్గింపు, పునర్వినియోగం.

ఈ పోటీల మేలును తక్కువ చేయనక్కరలేదు. రోబో మొదటిసారి సరిగా నడవదు. చక్రం జారుతుంది, బ్యాటరీ తగ్గితే మలుపు తప్పుతుంది, నిన్న పనిచేసిన ప్రోగ్రాం నేడు పనిచేయదు. తప్పు ఎక్కడుందో వెతికి, ఒక్కటొక్కటిగా మార్చి, మళ్లీ నడిపి చూడడం పిల్లలకు అలవాటవుతుంది. పాఠ్యపుస్తకంలోని ప్రయోగాన్ని రికార్డు బుక్కులోకి ఎక్కించడం మాత్రమే తెలిసిన విద్యార్థికి ఇది కొత్త చదువు. మన విమర్శ ఈ విషయం మీద కాదు. ‘పర్యావరణం’ అన్న మాట ఆ ఆటలో ఏమవుతున్నది అన్నదాని మీద.

గీతల లోపలి బావి

2017 నాటి లెగో లీగ్ ఆటనే కొంచెం దగ్గరగా చదవండి. బల్ల మీద ఒక మేఘం ఉంది. రోబో దానిని కదిలించి వాన చుక్కను రాలిస్తే పాయింట్లు. ఒక బావి నమూనా ఉంది. రోబో దానిని తీసుకుపోయి గుర్తు పెట్టిన గీతల లోపల నిలబెట్టాలి. పూర్తిగా లోపల ఉంటే ఎక్కువ పాయింట్లు, కొంత బయటికి ఉంటే తక్కువ. అంతటితో ఆ అంశం అయిపోయింది.

ఇప్పుడు ఐరాల వైపు రండి. మండలంలో మామిడి తోటలు, చెరకు, వేరుశనగ సాగవుతాయి. నేల కింద ఉన్నది గ్రానైటు, నైస్ వంటి గట్టి రాయి. అటువంటి నేలలో నీరు రాతి పై పొరలోనూ, పగుళ్లలోనూ మాత్రమే ఉంటుంది. అందువల్ల పక్కపక్క పొలాల్లో ఒకరికి నీరు పడవచ్చు, ఇంకొకరికి దుమ్ము రావచ్చు. ఒకే పగులు మీద రెండు బోర్లు పడితే లోతైన దానికి నీరు అందుతుంది, పైదానికి అందదు. చిత్తూరు ప్రాంతంలో వెయ్యి అడుగుల బోరు వింత కాదు. ఇక్కడి రైతుకు బావిని ఎక్కడ నిలబెట్టాలన్నది సగం ప్రశ్నే. నీళ్లు పడతాయా, పడితే ఎన్నాళ్లుంటాయి, పక్క కయ్య రైతు కూడా అదే నీటిని తోడితే ఎవరు ఆపుకోవాలి అన్నవి మిగతా సగం. బల్ల మీది బావి ఎప్పుడూ ఎండదు. దానికి పొరుగు బావి లేదు. ఆట కోసం సమస్యను కుదించడం తప్పు కాదు. నాటకం కూడా జీవితాన్ని మూడు గంటలకు కుదిస్తుంది. అయితే మంచి నాటకం సంఘర్షణను వదిలిపెట్టదు. ఇక్కడ వదిలేసింది సరిగ్గా దానినే.

రంగు బంతి, తడి చెత్త

చెత్త విషయంలోనూ ఇదే జరుగుతున్నది. పోటీల్లో వ్యర్థాలను వేరు చేయడానికి తరచుగా వాడేది రంగును గుర్తించే సెన్సార్. అది వస్తువు మీదికి కాంతిని పంపి, తిరిగి వచ్చిన కాంతిని బట్టి ఎరుపో నీలమో చెబుతుంది. హాలులో దీపాల వెలుగు మారితే అది పొరబడుతుంది కనుక ఆటకు ముందు జట్లు దానిని సరిచూసుకుంటాయి.

కాణిపాకం ఐరాల మండలంలోనే ఉంది. వినాయక చవితితో మొదలై 21 రోజులు జరిగే బ్రహ్మోత్సవాల సమయంలో అక్కడ పోగయ్యే చెత్తను ఊహించండి. కొబ్బరి చిప్పలు, అరటి ఆకులు, పూల దండలు, నీళ్ల సీసాలు, ప్రసాదం అంటిన కాగితాలు. పైన ఒక వాన. కుంకుమ పూసిన కొబ్బరి చిప్పను, ఎర్రటి ప్లాస్టిక్ మూతను రంగు సెన్సార్ ఒకటే అనుకోవచ్చు. పెద్ద పట్టణాల్లోని యంత్రాలు ప్లాస్టిక్ రకాలను గుర్తించడానికి కంటికి కనపడని పరారుణ కాంతిని వాడతాయి. వాటికి కూడా మసి కలిపిన నల్ల ప్లాస్టిక్ ఆ కాంతిని మింగేయడం వల్ల సరిగా తెలియదు. పైగా చెత్త ఒకదానికొకటి అంటుకుని, తడిసి ఉంటే ఏ సెన్సారూ నమ్మదగింది కాదు. అందుకే అసలు సమస్య యంత్రం దగ్గర కాక అంగడి దగ్గర, ఇంటి దగ్గర మొదలవుతుంది. తడి చెత్తను, పొడి చెత్తను అక్కడే వేరు చేస్తే చౌకైన యంత్రం సరిపోతుంది. వేరు చేయకపోతే ఖరీదైన యంత్రం కూడా చాలదు. ఈ సంగతి తెల్లవారకముందే కసువు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులకు అందరికంటే బాగా తెలుసు. ఏ ఆట బల్ల మీదా వారి బొమ్మ ముఖ్యపాత్రగా ఉండదు.

ఆటో స్టార్టర్ కథ

యంత్రం తనంతట తాను పనిచేస్తే పర్యావరణానికి మేలు జరుగుతుందన్న నమ్మకం ఈ పోటీలన్నింటి వెనుకా ఉంది. దీనిని పరీక్షించడానికి దూరం పోనక్కరలేదు. రాయలసీమ పొలాల్లో స్వయంచాలక యంత్రం ఒకటి చాలాకాలంగా ఉంది. అదే బోరు మోటారుకు పెట్టే ఆటో స్టార్టర్. వ్యవసాయానికి కరెంటు రోజులో కొన్ని గంటలే, ఒక్కోసారి వేళకాని వేళ వచ్చేది. రాత్రిపూట పాములు తిరిగే గట్ల మీద నడిచి మోటారు వేయడం ఎవరికి ఇష్టం? ఆటో స్టార్టర్ ఆ కష్టాన్ని తీర్చింది. కరెంటు వచ్చిన మరుక్షణం మోటారు తిరుగుతుంది. మడి నిండినా తిరుగుతుంది, వాన పడుతున్నా తిరుగుతుంది. ఊళ్లోని మోటార్లన్నీ ఒక్క క్షణంలో లేవడంతో ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది. విద్యుత్ సంస్థలు ఆటో స్టార్టర్లు తీసివేయండి, కెపాసిటర్లు పెట్టుకోండి అని ప్రచారం చేయవలసి వచ్చింది.

ఈ పరికరంలో లోపం లేదు. దానికి ఇచ్చిన పని అది చక్కగా చేసింది. ఆ పనిని నిర్ణయించినప్పుడు నేల కింది నీటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. రెండున్నర నిమిషాల పోటీ పెడితే ఆటో స్టార్టర్‌కు పూర్తి పాయింట్లు వస్తాయని గుర్తుంచుకోండి.

దీనికి ఎదురుగా మరొక ఉదాహరణ పెట్టుకుందాం. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను నిర్వహించుకునే పథకం ఒకటి 2003 తరువాతి సంవత్సరాల్లో నడిచింది. చిత్తూరు ఆ ఏడింటిలో ఒకటి. రైతులు వానను కొలిచే పాత్ర పెట్టుకున్నారు. ఎంచుకున్న బోర్లలో నీటి మట్టాన్ని పదిహేను రోజులకొకసారి కొలిచి రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిందెంత అని లెక్కగట్టారు. వరి తగ్గించమని ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు. గోడ మీద లెక్క చూసి ఎవరికి వారు నిర్ణయించుకున్నారు. ప్రపంచ బ్యాంకు 2010 నాటి భూగర్భజల నివేదికలో ఈ ప్రయత్నాన్ని ప్రస్తావించింది. పథకం ముగిశాక ఆ కొలిచే అలవాటు అన్ని ఊళ్లలో ఒకేలా నిలవలేదన్నదీ నిజమే. నా దృష్టిలో రోబోటిక్స్ నేర్చిన విద్యార్థికి పని దొరికేది సరిగ్గా ఇక్కడే. పదిహేను రోజులకొకసారి బోరులోకి తాడు దించే మనిషి అలసిపోయిన చోట, నీటి మట్టాన్ని తానే కొలిచి పంచాయతీ గోడకు చేరవేసే చిన్న పరికరం చాలు. అది నడవదు, చేయి చాచదు, బంతులు ఎత్తదు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టరు.

పాయింట్ల పట్టికను తిరగరాస్తే

పోటీ నిర్వాహకుల తరఫున ఒక బలమైన సమాధానం ఉంది. లెగో లీగ్‌లో ఆట ఒక్కటే కాదు, పిల్లలు ఒక సమస్యను ఎంచుకుని, నిపుణులతో మాట్లాడి, పరిష్కారం ప్రతిపాదించే ప్రాజెక్టు కూడా ఉంది. దానికి రోబో ఆటతో సమానమైన విలువ ఉంటుంది. ఒలింపియాడ్‌లోనూ జట్లు తమ సొంత ఆవిష్కరణను ప్రదర్శించే విభాగం ఉంది. ఇది న్యాయమైన మాటే. అయితే అక్కడ కూడా తీర్పు కొన్ని నిమిషాల ప్రదర్శన మీద ఆధారపడుతుంది. బాగా మాట్లాడే పిల్లలు, మంచి పోస్టరు, ఇంగ్లీషు వచ్చిన జట్టు ముందుంటాయి. మట్టిలో పెట్టిన సెన్సార్ నెల తరువాత పనిచేస్తున్నదా అని చూసేవారు లేరు. మట్టి తేమను కొలిచే చౌక సెన్సార్లలో రెండు లోహపు కడ్డీల రకం తడి నేలలో కొన్ని వారాలకే తుప్పు పట్టిపోతుంది. ఉప్పు నేలలో తప్పు లెక్క చూపుతుంది. ఈ విషయం బహుమతి ఫొటోలో కనపడదు.

ఖర్చు సంగతి కూడా చూడాలి. లెగో రోబో కిట్టు ఒకటి పదుల వేల రూపాయలు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకంలో ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది కనుక కొన్ని ప్రభుత్వ బడులకూ ఆ సామగ్రి దగ్గరయింది. కాని కిట్టు మీదే ఆధారపడిన చదువుకు ఒక చిక్కు ఉంది. లెగో కంపెనీ తన పేరొందిన మైండ్‌స్టార్మ్స్ శ్రేణిని 2022 చివరికి ఆపివేసింది. ఏ బడి బీరువాలోనైనా ఆ పెట్టెలుంటే, విడిభాగం పోయినప్పుడు ఏమి చేయాలన్నది కూడా పర్యావరణ ప్రశ్నే. పాత మోటారు వైండింగు చేసే మెకానిక్కును ఒక నిర్ణేతగా పిలిస్తే ఈ ప్రశ్న తప్పక వస్తుంది.

ఇంతకూ నా ప్రధాన ఆక్షేపణ ఇది: ‘ఈ సమస్యకు రోబో అక్కరలేదు’ అని తేల్చిన జట్టుకు ఏ పట్టికలోనూ చోటు లేదు. ఒక జట్టు చెరువు మీద పెరిగిన గుర్రపుడెక్కను తీసే పడవ రోబోను చేయడానికి బయలుదేరి, మురుగు చెరువులోకి రావడం వల్లే అది పెరుగుతున్నదని కనుక్కుని, మురుగు మళ్లించమని పంచాయతీకి అర్జీ రాసిందనుకోండి. అది ఆ పోటీలో ఓడిపోతుంది. పడవ రోబో చేసిన జట్టు గెలుస్తుంది. గుర్రపుడెక్క మరుసటి ఏడాది మళ్లీ వస్తుంది.

అభ్యాసం

ఐరాల మండలంలోని ఒక ఉన్నత పాఠశాల జట్టు నీటి ఇతివృత్తంతో పోటీకి సిద్ధమవుతున్నదని భావించండి. వారికి 100 పాయింట్ల పట్టిక మీరే తయారు చేయండి. పరికరం పనితీరుకు 40కి మించి ఇవ్వకూడదు. మిగిలిన వాటిని సమస్యను ముందుగా కొలిచినందుకు, దానిని అనుభవించే వారితో మాట్లాడినందుకు, మూడు నెలల తరువాత వాడకాన్ని చూసినందుకు, మరమ్మతు స్థానికంగా వీలైనందుకు, యంత్రం వద్దని తేల్చినందుకు ఎలా పంచుతారో నిర్ణయించి, ప్రతి అంకెకూ రెండు వాక్యాల్లో కారణం రాయండి. తరువాత ఆ పట్టికను మీ ఊరిలో బోరు ఎండిపోయిన రైతు ఒకరికి చదివి వినిపించి, వారు మార్చమన్న అంకెలను వేరే రంగు సిరాతో దిద్దండి.