భుజసంధి బంధనములు: సహజభేదమా, గాయమా?

1994లో విలియమ్స్, స్నైడర్, బ్యూఫర్డ్ గార్లు ప్రకటించిన వ్యాసము భుజ శస్త్రచికిత్సకు గొప్ప హెచ్చరిక. వారు పరిశీలించిన 200 భుజములలో 3 భుజములందు సంధిగుంటకు ముందువైపు పైఅంచున ఉండవలసిన మృదులాస్థి వలయము లేదు. మధ్య బంధనము త్రాడువలె బలిసియున్నది. దీనికే ‘బ్యూఫర్డ్ కాంప్లెక్స్’ అని పేరు. దీనిని ఊడిన అంచుగా భ్రమించి ఎముకకు బిగించినచో చేయి వెలుపలికి తిరుగుట తగ్గి నొప్పి మిగులును. గాయమునకును శరీరభేదమునకును గల ఈ తారతమ్యమును స్పష్టపరచుటయే ఆ వ్యాసమునందలి గుణము.

అయితే వారు వాడిన ‘సహజ’ శబ్దము కొంత విచారణీయము. 3 ఉదాహరణములు స్వల్పము. పైగా, ఇట్టి భుజములందు వలయపు ఊర్ధ్వభాగమున చీలికలు అధికముగా కనబడుచున్నవని తరువాతి పరిశోధకులు కొందరు తెలిపిరి. కావున ‘సహజ’మన్నంతమాత్రమున నిరపాయమని తలంపరాదు. శస్త్రవైద్యుడు త్రాడువంటి బంధనమును విడిచిపెట్టి, దాని సమీపమున నిజమైన చీలిక కలదేమో వెదకవలెను.