సుగ్గికి పోయినవాళ్లకు ఫోన్లు

ముసలివాళ్లు తిడుతున్నారనో కొడుతున్నారనో ఆశ్రమాలు నాకు కబురు పెడుతుంటాయి. సి.బెళగల్, ఎమ్మిగనూరు, ఆదోని, ఈ చుట్టుపక్కలే నా తిరుగుడు. పోగానే రిజిస్టరు అడుగుతాను. ‘గలాటా చేసింది’, ‘మొండితనం’ అని ఉంటుంది. అది తీర్పు. నాకు కావలసింది జరిగిన సంగతి: ఏ వేళప్పుడు, పక్కన ఎవరున్నారు, అంతకుముందు ఏం జరిగింది, తర్వాత ఏం చేశారు.

ఒక అవ్వ ఆయాలను కొడుతోందన్నారు. అలా రాయించి చూస్తే దెబ్బలన్నీ స్నానం వేళే, అదీ రవికె చెయ్యి వెనక్కి లాగినప్పుడే. భుజం పట్టేసి ఉంది. మతిమరుపులో ఆ మాట చెప్పలేక చెయ్యి విసిరేది. డాక్టరు నొప్పిమాత్ర రాశారు. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు, తొడిగేటప్పుడు నొప్పి చెయ్యి ముందు అని ఆయాలకు చూపించాను. దెబ్బలు తగ్గాయి.

కోహెన్-మాన్స్‌ఫీల్డ్ అనే పరిశోధకురాలు ఇలాంటి ప్రవర్తనలు 29 గుర్తించి పట్టిక చేశారు. గత రెండు వారాల్లో ఒక్కోటి ఎంత తరచుగా జరిగిందో అందులో వేయాలి. మంచి పట్టికే. కానీ ‘ఎంత తరచుగా’ అనేదే చెబుతుంది, ‘ఎందుకు’ అనేది మనమే వెతుక్కోవాలి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కసారిగా మారితే పట్టిక పక్కనపెట్టి డాక్టరును పిలవాల్సిందే. మూత్రంలో ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, మన ఎండలకు ఒంట్లో నీళ్లు తగ్గడమో, కొత్తగా మొదలైన మాత్రో కావచ్చు. నోరు మూయించే మాత్రలు అడిగేవాళ్లకు ఒకటి చెబుతాను: మతిమరుపు ఉన్న వృద్ధుల్లో సైకోసిస్ మందులతో మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే హెచ్చరించింది.

మా వైపు అసలు చిక్కు వేరే. ఆ మనిషి గురించి తెలిసినవాళ్లు ఊళ్లో ఉండరు. మిరప కోతలొస్తే ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలిపనుల వలసకు పోతారు. పనులయ్యాక రాత్రిపూట ఫోన్ చేస్తాను. కొడుకులకు పెద్దగా తెలియదు, కోడళ్లను అడగాలి. దగ్గరికొస్తే చాలు తోసేస్తున్నాడని పేరుపడ్డ ఒక తాత గురించి అలాగే అడిగాను.

“మా మామకు ఎడమ చెవి వినపడదు సార్. ఆ పక్కనుంచి పోతే ఉలిక్కిపడి నన్నైనా తోస్తాడు” అంది.

మంచం తిప్పించి, కుడిపక్క నుంచే పోవాలని ఆయాలకు చెప్పాను. ఆయనను చేర్చుకున్న కాగితం తీసి చూస్తే ఆధార్ నంబరు ఉంది, రేషన్ కార్డు నంబరు ఉంది, చెవి సంగతికి మాత్రం గడే లేదు.