వత్సలశబ్దమును బిడ్డలు లేని యింటి పండుగయు

క్రిస్మసునాఁడు పాడఁబడు తెలుఁగు కీర్తనలలో పశువులతొట్టి కలదు, గొల్లలు కలరు, నక్షత్రము కలదు. పుట్టిన శిశువు పెరిగి యిల్లు వెడలిన పిమ్మట నా యింటఁ బండుగ యెట్లుండునను ప్రశ్న వానియందు మిక్కిలి యరుదు. జనగామలోనైనను, భూపాలపల్లి బొగ్గుగనుల కార్మికవాటికలలోనైనను నేఁడు పెక్కిండ్లలో వృద్ధదంపతు లిరువురే గుమ్మమునకు నక్షత్రదీపము వ్రేలాడఁగట్టి, అరిసెలు వండుకొని, బిడ్డల రాకకై యెదురుచూచుచున్నారు. మహబూబాబాదు జిల్లాలోని డోర్నకలున, 1912లో బిషప్పుగా నభిషిక్తుఁడైన అజరయ్యగారి కాలమున నిర్మింపఁబడి 1939లో ప్రతిష్ఠితమైన దేవాలయమునకు ఎపిఫనీ పేరు పెట్టఁబడినది. అది దూరదేశమునుండి వచ్చి, కానుకలొసఁగి, మరలఁ దమ దేశమునకుఁ బోయిన జ్ఞానుల పండుగ. ఈ కాలపు బిడ్డలకును ఆ వర్ణనము చక్కఁగా నతుకును!

ఈ వస్తువును జేపట్టు కథకులు సాధారణముగా బిడ్డలను నిందించుటకుఁ బూనుకొందురు. తండ్రి నిట్టూర్చును, తల్లి శపింపక శపించును, పాఠకుఁడు తీర్పు చెప్పును. అది కావ్యము గాదు, వ్యాజ్యము. కావ్యమార్గ మెట్టిదో యెఱుఁగఁగోరువారు జనగామ జిల్లాలోని బమ్మెర కవి కడకే పోవలయును.

పోతన దశమస్కంధమున నుద్ధవుఁడు వ్రేపల్లెకు వచ్చు ఘట్టమును భ్రమరగీతలకు ద్వారముగా మాత్రమే చూచుట పరిపాటియైనది. ఇది యుచితము గాదు. గోపికల విరహమునకుఁ బూర్వమే యచట నొక యింటి కథ జరిగినది. నందుఁ డతిథికి భోజనమిడి, బడలిక తీర్చి, పిదప నడుగును. మూలమునందుఁ దమ్ముఁ దలఁచునా యని యారంభించినవాఁ డంతట నిలువఁజాలక తల్లిని, చెలికాండ్రను, ఆవులను, బృందావనమును, తుదకుఁ గొండను గూడఁ జేర్చును. వీనిలో నొకదానికైన ‘అవు’నను ప్రత్యుత్తరము రాకపోదను నాస యా వరుసలో దాఁగియున్నది. నిష్ఠుర మొక్కటియు లేదు. చెప్పుచుఁ జెప్పుచు గొంతు పట్టుకొని యూరకుండును.

యశోద యంతకంటె నధికురాలు. ఆమె మాటలాడదు. భర్త చెప్పు కుమారుని చేష్టలు వినుచుండఁగాఁ గన్నులు నీరును, చన్నులు పాలును స్రవించును. పెరిగి కంసుని జంపిన కొడుకునకై పాలు చేఁపుట యస్వాభావిక మని యాక్షేపింపవచ్చును. దీనికి సమాధానము వ్యాకరణమున నున్నది. వత్సశబ్దముపై లచ్ ప్రత్యయమును విధించి పాణిని వత్సలశబ్దమును సాధించెను (5-2-98). వత్స మనఁగా దూడ. కాని యిచట దూడ యను నర్థమే లేదనియు, వత్సలుఁ డనఁగా స్నేహవంతుఁడనియే గ్రహింపవలయు ననియుఁ గాశికావృత్తి వివరించును. దూడ తొలఁగిన పిమ్మటను ప్రేమ పదమునందు నిలిచినది. వైయాకరణులు రూపసిద్ధికై చెప్పినదానిని యశోద దేహమున ననుభవించినది.

ఉద్ధవుఁ డప్పుడు తత్త్వ ముపదేశించును. కృష్ణునకుఁ దల్లిదండ్రులు లేరనియు, నాతఁడు సర్వభూతములయందుఁ గలఁడనియు నాతని వాదము. తత్త్వము సత్యమే. అయినను ఆ మాట వినుచున్నది పెంచిన తల్లి! మాటలతోనే రాత్రి గడచును. తెల్లవారుజామున గొల్లెతలు లేచి దీపములు వెలిగించి పెరుఁగు చిలుకుదురు. దుఃఖము తీఱినదని కవి చెప్పలేదు, ఇంటిపని యాగలేదని మాత్రము చూపినాఁడు.

పిదప బలరాముఁడు వ్రేపల్లెకు వచ్చినప్పుడు, వివాహితుఁడును వీరుఁడునైన యాతనిని నందయశోదలు తొడపై నిడుకొని కన్నీటఁ దడుపుదురని మూలము. పండుగకు వచ్చిన కొడుకు తలనెరసినవాఁడైనను తల్లి వానికి ముద్దలు కలిపి పెట్టుట చూచినవారి కిందు నతిశయోక్తి కనఁబడదు.

క్రైస్తవకవులకు వస్తువు కొఱవడలేదు. లూకా సువార్త రెండవ యధ్యాయమున జన్మకథ ముగిసిన కొలఁది వాక్యములకే, పండ్రెండేండ్ల బాలుఁడు పండుగకుఁ దోడ్కొనిపోయిన తల్లిదండ్రులను విడిచి దేవాలయమున నిలిచిపోవును. మూఁడు దినములకు వానిని గనుఁగొని మరియ, మాకిట్లేల చేసితివని యొక్కమా రడుగును. ప్రత్యుత్తర మామెకు బోధపడదు. ఆ మాటలన్నియు హృదయమున భద్రపఱచుకొనును. పశువులతొట్టికి నిన్ని గీతములు పాడినవారు ఆ తిరుగుప్రయాణమునకుఁ గనీస మొక్క కీర్తనయైనఁ గట్టవచ్చును.