గ్రంథమునకు గొంతు

1071వ సంవత్సరమున రోము నగరపు ట్రాస్తెవెరె పేటలోని సాంత చెచీలియా దేవాలయముకొరకు లిఖింపబడిన గానగ్రంథ మొకటి నేటికిని స్విట్జర్లాండులో జినీవా చెంత భద్రముగా నున్నది. అందలి లాటిను స్తోత్రములలో ఏ అక్షరముకడ స్వర మెంత పైకి లేవవలెనో, ఎంత క్రిందికి దిగవలెనో రేఖలమీద గుర్తింపబడియే యున్నది. కాని ఆ స్వరమును ఎంతసేపు నిలుపవలెనో, ఒకదానినుండి మరియొకదానికి జారవలెనో దాటవలెనో, కంఠ మెట్టి బిగువుతో పలుకవలెనో ఆ పుట చెప్పదు. అవి గురుముఖమున నేర్వవలసినవి. ఆల్ప్సు పర్వతముల కావల ఫ్రాంకుల రాజ్యమున రూపుదిద్దుకొని, గ్రెగోరియను గానమను పేరున ప్రసిద్ధి కెక్కిన బాణి కాలక్రమమున రోమునుగూడ ఆక్రమించుకొనగా, పదమూడవ శతాబ్దము తరువాత ఈ గ్రంథములోని ప్రాచీన రోమను గానపు గురుపరంపర తెగిపోయినది.

అట్టి గానమును మరల కంఠములకెత్తిన వారు ఫ్రాన్సు దేశీయుడైన మార్సెల్ పెరెస్ 1982లో సెనాంక్ మఠమున నెలకొల్పిన ఆన్సాంబుల్ ఆర్గానుమ్ బృందమువారు. వారికి పూర్వమే ఫ్రాన్సులోని సొలెమ్ మఠవాసులు గ్రెగోరియను గానమును ఉద్ధరించిరి. 1889 మొదలు ప్రాచీనప్రతుల ఛాయాచిత్రములను సంపుటములుగా ప్రకటించిన వారి ఋణము తీరునది కాదు. అయితే వారి గానము సమముగా, మృదువుగా సాగును. ఆ నునుపే ప్రాచీనతకు లక్షణమని లోకము నమ్మినది.

పెరెస్ ఆ నమ్మకమును విడనాడి, తెగని పరంపర యెక్కడ గలదని వెదకి, ఏథెన్సు నగరపు గ్రీకు ఆలయగాయకుడైన లికూర్గోస్ ఆంగెలోపూలోస్‌ను తన బృందమునకు పిలిచెను. ఇది వట్టి సాహసము కాదు. ఏడవ, ఎనిమిదవ శతాబ్దములలో రోము పీఠమెక్కిన పోపులలో పలువురు గ్రీకు, సిరియా మూలములవారు. ఈస్టరు సాయంప్రార్థనలలో అల్లెలూయాకు గ్రీకు చరణములు సైతము రోమునందు పాడబడుచుండెను. 1980వ దశకమున వెలువడిన పెరెస్ బృందపు రికార్డును వినునపుడు, మంద్రమున అవిచ్ఛిన్నముగా నిలిచిన శ్రుతిమీద ఒక్క కంఠము మెల్లగా లేచి, ప్రక్క ప్రక్క స్వరములనే పట్టుకొని మెలికలు తిరుగుచు, ఒక్క అక్షరమును విడువలేక విడువలేక విడుచుచున్నట్లు తోచును. గమకమునకు అలవడిన మన చెవికి ఆ గానము పరాయిది కాదు. ఆ మెలికలను తీసివేసి పాడినచో రోమను వరుసలు నిష్కారణదీర్ఘములుగా వినిపించును. మెలికలతో పాడినపుడు ఆ దైర్ఘ్యమునకు ప్రయోజనము తెలియును. నా కిదియే గట్టి సాక్ష్యము.

నేటి గ్రీకు ఆలయగానము సైతము ఇటీవలి శతాబ్దములలో మారినదే గదా, దానితో వేయేండ్లనాటి రోమును ఎట్లు కొలుతురని పండితు లాక్షేపింతురు. ఆక్షేపము న్యాయమైనదే. కాని సొలెమ్ వారి నునుపైన కంఠము పందొమ్మిదవ శతాబ్దపు ఫ్రాన్సులో పుట్టినది కాదా? ఊహ లేక ఈ గ్రంథమును పాడ నెవ్వరికిని వశము గాదు. అట్టిచో, తరతరములుగా ఆలయములో నిలిచి పాడుచున్నవాని నడిగి ఊహించుట యుక్తతరమని నేను తలంతును. ఆ ఊహ రేపు మరియొక బృందముచేత సవరింపబడినను, దానిని సవరించుటకైనను ముందుగా ఎవ్వరో నోరు తెరచి పాడియుండవలెను.