చెత్త సంచితో మొదలయ్యే సినిమా

మా బడి సైన్స్ ప్రదర్శన అయిపోయిన తర్వాతి శనివారం సైన్స్ సర్ మా అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ప్రొజెక్టర్ మీద ఒక సినిమా చూపించారు. పేరు ‘ద వే థింగ్స్ గో’. 1987లో స్విట్జర్లాండ్‌కు చెందిన పీటర్ ఫిష్లీ, డేవిడ్ వైస్ అనే ఇద్దరు కళాకారులు తీశారు. నిడివి సుమారు 30 నిమిషాలు. ఇందులో మనుషులు కనిపించరు, మాటలు లేవు, పాటలు లేవు. అయినా నేను దాన్ని రెండుసార్లు చూశాను. ఎందుకో చెప్తాను.

మొదట్లో తాడుకు వేలాడే నల్లటి చెత్త సంచి గిరగిరా తిరుగుతూ ఉంటుంది. తిరుగుతూ కొంచెం కొంచెం కిందికి దిగి, కింద ఉన్న టైరుకు తగులుతుంది. టైరు కదులుతుంది. అక్కణ్ణుంచి పలకలు, నిచ్చెనలు, సీసాలు, డబ్బాలు ఒకదాన్ని ఒకటి కదిలిస్తూ పోతాయి. ఒకచోట నీళ్లు కారాలి, ఒకచోట నురగ పొంగాలి, ఒకచోట మంట అంటుకోవాలి. అంతవరకు మనం ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండాల్సిందే. నాకు బాగా నచ్చింది ఈ ఎదురుచూపే. ‘పడుతుందా, పడదా’ అని మా వెనక బెంచీ వాళ్లు కూడా గప్‌చుప్‌గా చూశారు.

రెండో మంచి సంగతి, చెత్తను చెత్తలాగే చూపించారు. టైరుకు రంగు వేయలేదు. మేము ప్రదర్శనకు చేసిన యంత్రంలో ప్రతి సీసాకూ మెరుపు కాగితం అంటించాం. అందంగానే ఉంది గానీ, ఆ కాగితం అంచు తగిలి గోళీ రెండుసార్లు ఆగింది.

మా యంత్రం సంగతి చెప్పకుండా ఈ సినిమా గురించి చెప్పలేను. మాది షోలాపూర్ కదా, కారఖానాల నుంచి ఖాళీ కోన్లు, కండెలు కావలసినన్ని దొరుకుతాయి. వాటితో పాటు నీళ్ల సీసాలు, సైకిల్ ట్యూబు, పాత గైడ్లు తెచ్చి ఐదు గుంపులుగా చేశాం. చివరికి గంట మోగాలి. మూడో గుంపు వాళ్ల గోళీ కోన్లలోంచి దొర్లి వచ్చి, మా నాలుగో గుంపు నిలబెట్టిన గైడ్ల వరుసను పడగొట్టాలి. తల్లిదండ్రులందరి ముందు గోళీ వచ్చింది, మొదటి గైడ్‌కు తగిలింది, ఆగిపోయింది. నేను వేలితో తోశాను. గంట మోగింది, చప్పట్లు కొట్టారు. కానీ నేను అందరి ముందే మూడో గుంపు అమ్మాయిని ‘నీ గోళీలో దమ్ము లేదు’ అన్నాను. ఆమె కళ్లనిండా నీళ్లు.

సినిమా రెండోసారి చూసినప్పుడు నాకు ఒకటి అర్థమైంది. సంచి బలంతో చివరిదాకా అన్నీ నడవడం లేదు. ఎత్తులో పెట్టిన వస్తువులో, నిండిన డబ్బాలో, మండే పదార్థంలో దాని శక్తి దానికే ఉంది. మన పుస్తకంలో చదివిన స్థితిజ శక్తి అదే. ముందున్నది దాన్ని విడిపిస్తుంది, అంతే. అందుకే ప్రతి వస్తువునూ ఇప్పుడో ఇంకాసేపటికో పడేలా అంచున నిలబెట్టారు. మేమేమో గైడ్ ముందే పడిపోకూడదని దాన్ని కొంచెం తెరిచి గట్టిగా నిలబెట్టాం. మా బెంచీ దగ్గర ప్రతిసారీ వేలితో తోసి చూసుకున్నాం గానీ, గోళీతో ఒక్కసారీ చూడలేదు. గోళీ తప్పేం లేదు.

ఇక సినిమాలో నాకు నచ్చనిది. ఇదంతా ఒకే దెబ్బకు జరిగినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి విడివిడిగా తీసి అతికించారు. నురగో పొగో తెర నిండినప్పుడు జాగ్రత్తగా చూస్తే అనుమానం వస్తుంది. ఇది మోసమని మా వాళ్లు కొందరు అన్నారు. నేను అలా అనను. నేనూ వేలు పెట్టినవాణ్ణే. కానీ ఎన్నిసార్లు ఆగిపోయిందో, ఎవరు సర్దారో ఒక్కచోటైనా చూపిస్తే బాగుండేది. తప్పులన్నీ దాచేస్తే, చూసినవాళ్లు ‘వాళ్లకు వచ్చింది, మనకు రాలేదు’ అనుకుంటారు. నేను ఇంకో మనిషిని తిట్టింది కూడా అలా అనుకునే.

మా నాయిన సాంచాల మీద పని చేస్తాడు. పోగు తెగితే సాంచా ఆగుతుంది. ఆయన పోగును తిట్టడు. ఎక్కడ తెగిందో చూసి, ముడి వేసి మళ్లీ నడిపిస్తాడు. యంత్రం ఆగిన రోజు నేను ఆ పని చేసి ఉండాల్సింది.

సోమవారం ఆ అమ్మాయికి జరిగింది చెప్పి సారీ అడిగాను. ‘ముందురోజే రెండూ కలిపి చూసుంటే సరిపోయేది కదా’ అంది. నిజమే. వచ్చే ఏడు మేము ముందు అతుకులు చేసి, తర్వాతే ఎవరి భాగం వాళ్లం చేస్తాం.

ఈ సినిమాను అందరూ చూడండి. కొంచెం ఓపిక కావాలి, చివర పెద్ద ముగింపు ఏమీ ఉండదు. అందులోని మంటలు, రసాయనాలు మాత్రం ఇంట్లో ప్రయత్నించకండి. కోన్లు, గోళీలు చాలు.