పేరు లేని ముసలివాడు, డిచ్‌పల్లి డాక్టరు

కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ మాటెత్తితే చాలు, ఎవరో ఒకరు హెమింగ్వే ముసలాయన్ని లాక్కొస్తారు. పోలిక ఉంది, కాదనను. కానీ ఈనడానికొచ్చిన పందిని వెతుక్కుంటూ అడవిలో పడ్డ ఈ పేరు లేని ముసలివాడికి నక్కల సంగతి, ఈనిన పంది కోపం సంగతి తెలియడం హెమింగ్వేని చదివితే వచ్చేది కాదు. అది చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టినవాడి చూపు.

2015లో ఆయన పోయాక గానీ నేను చదవలేదు. చదివాక ఇబ్బంది మొదలైంది. ఆయన డాక్టరు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి రోగుల్ని చూస్తూనే నవలలు రాశారు. నేనేమో స్ప్రింటులూ రిలీజులూ అని సాకులు చెప్పుకుంటూ, నా నవలకి ‘రీసెర్చ్’ పేరుతో నలభై ట్యాబులు తెరిచి కూర్చుంటాను. రెండో అధ్యాయం కదల్లేదు.

ఒక ఫిర్యాదు మాత్రం ఉంది. ముసలివాడి ఆలోచనలు అక్కడక్కడా మరీ తత్వంలోకి పోతాయి. అప్పుడు మాట్లాడేది డాక్టరుగారే అనిపిస్తుంది. అయితే ఎక్కువసేపు కాదు, పంది గుర్రుమనగానే మళ్ళీ అడవిలో ఉంటాం.