క్యాసెట్టు కూడా తాళపత్రమే

పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే పని ఇవాళ చాలాచోట్ల జరుగుతోంది. బుర్రకథలు, పాటల సభలు, కవుల ఉపన్యాసాలు ఆ విధంగా నిలుస్తున్నాయి. సంతోషించవలసిందే. అయితే మన విమర్శ దీన్ని రికార్డింగు షాపు పనిగా చూసి ఊరుకుంటోంది. నా దృష్టిలో ఇది పాఠ పరిష్కరణ. 1829లో వేమన పద్యాలను అచ్చువేసిన సి.పి. బ్రౌన్ తాను సేకరించిన వాటిలో కొన్నింటినే ఏరుకున్నాడు. ఆ ఏరివేతను మనం నేటికీ చర్చిస్తున్నాం. క్యాసెట్టు విషయంలో మాత్రం ఏది ఉంచారు, ఏది తీసేశారు అన్న ప్రశ్నే తలెత్తడం లేదు.

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఈ చిన్న టేపు, 1980లలో మన దేశంలో రికార్డు కంపెనీల గుత్తాధిపత్యాన్ని బద్దలుకొట్టింది. పీటర్ మాన్యుయెల్ 1993లో ఉత్తర భారతాన్ని ఆధారం చేసుకుని రాసిన గ్రంథం ఈ పరిణామాన్నే వివరిస్తుంది. స్టూడియో గడప తొక్కలేని పల్లె కళాకారుడి గొంతు కూడా నమోదయ్యే అవకాశం వచ్చింది. కాబట్టి ఆ టేపు ఒక వర్గానికి తొలిసారి దక్కిన రాతప్రతి.

బుర్రకథనే తీసుకుందాం. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, షేక్ నాజర్ వంటి మహాకళాకారులు ఈ రూపాన్ని ప్రజాపోరాటాల ఆయుధంగా మలిచారు. కథకుడికి ఇరుపక్కలా ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథ అచ్చులో దొరకవచ్చు. రాజకీయం చెప్పే వంత మాటలు ఊరూరికీ మారతాయి. అవి ఆ రాత్రివి, ఆ జనానివి.

1980ల నాటి ఒక బొబ్బిలి కథ క్యాసెట్టును, దాని కంప్యూటరు ప్రతిని పక్కపక్కన పెట్టి విన్నాను. టేపు 60 నిమిషాలు, ఫైలు 41. బుస్సీ ఫిరంగుల ఘట్టంలో వంత కథ ఆపి, ఊళ్లో కిరోసిను ఎవరి ఇంటికి చేరుతోందని అడుగుతాడు. జనం గొల్లుమంటారు. వెనకనుంచి ఒక ఆడమనిషి ఏదో జవాబిస్తుంది. కథకుడు ఆ జవాబునే అందుకుని తిరిగి బొబ్బిలి కోటలోకి వెళతాడు. ఫైలులో ఇదంతా లేదు. “అనవసర సంభాషణ” అని తీసేశారు. మిగిలింది శౌర్యగాథ. వస్తువు అదే, రాజకీయం పోయింది.

కత్తెర ఒక్కటే కాదు. రొద తగ్గించే సాఫ్ట్‌వేరు టేపు బుసను గుర్తుపట్టి, దాన్ని పోలిన ధ్వనినంతా తగ్గిస్తుంది. టేపు బుస ఎక్కువగా వినిపించేది పై స్థాయి ధ్వనుల్లో. అందెల గలగల, స-శ-ష ల పలుకు కూడా అక్కడే ఉంటాయి. గట్టిగా శుభ్రం చేస్తే తాళం మొద్దుబారుతుంది, ఉచ్చారణ అరిగిపోతుంది. ధ్వని స్థాయిని అంతటా సమం చేస్తే కథకుడి గుసగుసకూ జనం కేకకూ తేడా ఉండదు.

శుభ్రం చేయకపోతే నేటి యువకులు వినరన్న వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. వినడానికి వేరే ప్రతి చేసుకోవచ్చు. మూలప్రతిని మాత్రం ముట్టుకోకూడదు. విద్యార్థుల కోసం సంగ్రహం వేస్తాం గనక గ్రంథాన్ని తగలబెట్టం కదా!

పద్ధతి కష్టమైనదేమీ కాదు. డెక్కు హెడ్డును శుభ్రం చేసి, దాని వాలును టేపుకు సరిచూసుకోవాలి. రెండు వైపులా ఆసాంతం నడపాలి. 60 నిమిషాల టేపుకు 60 నిమిషాలూ కూర్చోవలసిందే. ధ్వనిని కుదించే ఎంపీ3లో కాక వేవ్ ఫైలుగా, కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్థాయిలో భద్రపరచాలి. అట్టమీది చేతిరాతను ఫొటో తీయాలి. ఊరు, తేదీ, కథకుడితోపాటు వంతల పేర్లు, ఎవరు ఏ మార్పు చేశారన్నదీ రాసిపెట్టాలి. ఒక ప్రతి ఆ కళాకారుల కుటుంబానికి చేరాలి.

టేపులు పాతబడుతున్నాయి, వాటిని నడిపే యంత్రాలూ అరుదవుతున్నాయి. ఆ గొంతులను గుర్తుపట్టి పేర్లు చెప్పగల వృద్ధులు ఇంకా మన మధ్య ఉన్నారు. మన సంఘం శాఖలు వారిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ పనికి పూనుకోవాలి. కథకుడి గొంతుతోపాటు, ఆ రాత్రి జవాబిచ్చిన ఆ ఆడమనిషి గొంతుకూ మన సాహిత్య చరిత్రలో చోటుండాలి.